గదికో నిమిషం

దుప్పటి గాల్లోకి లేచిందంటే మళ్ళీ అది మంచం మీదకి దిగేదాకా ఆ గదిలో మాటలుండవు. ఇటుపక్క ఎక్స్‌ప్రెస్, అటుపక్క పెద్దక్క. తెల్లటి గుడ్డ మధ్యలో పొంగి, కిటికీలోంచి వచ్చే ఎండని కాసేపు కడుపులో దాచుకుని, తొందరేమీ లేనట్టు కిందికి వాలుతుంది. అది వాలుతుండగానే రెండు జతల చేతులు నాలుగు మూలలూ అందుకుంటాయి. పరుపు ఎత్తడం, అంచు లోపలికి తోయడం, మూల మడత వెయ్యడం, అరచేత్తో ఒక్కసారి నిమరడం. పదకొండేళ్ళుగా ఇదే వరస. ఒకరి చెయ్యి ఎక్కడుందో ఇంకొకరు చూసుకోవాల్సిన అవసరం ఎప్పుడో తీరిపోయింది.

ఎక్స్‌ప్రెస్‌ని ఆ హోటల్లో ఎవరూ అసలు పేరుతో పిలవరు. నాలుగో ఫ్లోరు వరండాలో ఆమె ట్రాలీ తోసుకుంటూ వస్తుంటే ఎదురొచ్చినవాళ్ళు గోడకి అతుక్కుపోవలసిందేనని లాండ్రీవాళ్ళు పెట్టిన పేరది. పెద్దక్కకి ఆ పిలుపు వయసువల్ల వచ్చింది. యాభై ఎనిమిది నిండాయి. ఆవిడ కంటే పెద్దవాళ్ళు ఆ హోటల్లో గోడ గడియారం, వెనకవైపు లిఫ్టు తప్ప ఇంకెవరూ లేరు.

మంచం అయ్యాక బాత్రూమ్ ఎక్స్‌ప్రెస్ వంతు. ఒంగి, తోమి, నీళ్ళు కొట్టి, తుడిచి ఆమె బయటికొచ్చేసరికి పెద్దక్క కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఉంటుంది. ఒక గదిలో కాదు, రెండు గదుల్లో కాదు, ప్రతి గదిలోనూ. చేతులు ఒళ్ళో పెట్టుకుని, తల కాస్త వెనక్కి వాల్చి, ఎటో చూస్తూ ఉంటుంది. గెస్టుల కుర్చీల్లో స్టాఫ్ కూర్చోకూడదు. ఉద్యోగంలో చేరిన రోజే చెప్పే రూలది. అందుకని ఎక్స్‌ప్రెస్ గుమ్మం దగ్గరికెళ్ళి నిలబడి వరండాలో ఎవరైనా వస్తున్నారేమో చూస్తుంది. మెత్తటి కార్పెట్ మీద అడుగుల చప్పుడు వినబడదు కాబట్టి కళ్ళతోనే కాపలా కాయాలి. ఒక నిమిషం అయ్యాక అక్క లేస్తుంది. కర్టెన్ దగ్గర ఏదో సర్దుతుంది, మంచం మీద మోకాలు ఆనించి గోడకేసి చెయ్యి చాస్తుంది, బాత్రూమ్ తలుపు వెనక్కి వెళ్ళి వస్తుంది. "పద" అంటుంది. వెళ్తారు.

పాపం, పెద్దదైపోతోంది అనుకునేది ఎక్స్‌ప్రెస్. నిజం చెప్పాలంటే పదకొండేళ్ళ కిందట, అక్కకి నలభై ఏడేళ్ళప్పుడు కూడా ఆమె అలాగే అనుకుంది. జాలిపడటంలో ఉన్న హాయి చిన్నదేం కాదు. బరువంతా మనమే మోస్తున్నామని, అవతలి మనిషిని మనమే నిలబెడుతున్నామని రోజుకి పదహారు గదుల్లో పదహారుసార్లు అనిపిస్తుంటే ఎవరికి మాత్రం చేదు? ఆ మంచితనం మీద ఆమెకి రాత్రిళ్ళు చక్కగా నిద్రపట్టేది.

ఈ సంగతి మొదలైన సోమవారానికి చార్టు మేడమ్ వచ్చి పదిరోజులైంది. పై ఆఫీసువాళ్ళు పంపారు. పనిచేసేచోట మనుషులు ఎందుకెలా ప్రవర్తిస్తారో ఆవిడ చదువుకుని వచ్చిందట. అలాంటిదానికి కూడా ఒక చదువు ఉందని తెలిసి లాండ్రీలో రెండురోజులు నవ్వుకున్నారు. ముప్పై దాటని మనిషి. వచ్చిన మర్నాడే లినెన్ రూములో, తువ్వాళ్ళ అరల పక్కన ఖాళీగా ఉన్న గోడకి రంగురంగుల చార్టులు అంటించింది. అవి ఆవిరికి ఊడి పడిపోతుంటే ఎవరినీ పిలవకుండా తనే ఏరి మళ్ళీ అంటిస్తుంది. అందరినీ "మీరు" అంటుంది, తుడిచే ఆమెని కూడా. మంచి పిల్లే అని అందరూ ఒప్పుకున్నారు. ఆవిడకి అప్పగించిన చిక్కు ఒకటే. గదులు ఆలస్యంగా తయారవుతున్నాయి, మధ్యాహ్నం దిగిన గెస్టులు కింద సోఫాల్లో పెట్టెలు పట్టుకుని ఎదురుచూస్తున్నారు. ఎందుకలా జరుగుతోందో కనిపెట్టాలి.

సోమవారం ఎక్స్‌ప్రెస్‌ని తన గదికి పిలిచింది.

"కూర్చోండి."

"పర్లేదు మేడమ్. నిలబడటం అలవాటే."

మేడమ్ నవ్వింది. "ఒక సంగతి చెప్తాను. ఎప్పుడో ఒకాయన మనుషులచేత తాడు లాగించి వాళ్ళ బలం కొలిచాడు. ఒంటరిగా లాగినప్పుడు పెట్టినంత బలం, నలుగురితో కలిసి లాగినప్పుడు పెట్టలేదు. పక్కవాడు లాగుతున్నాడులే అని. కావాలని కాదు, వాళ్ళకే తెలియకుండా. మీ జంటలో అలాంటిదేమైనా ఉందా?"

లేదందామని నోరు తెరిచింది ఎక్స్‌ప్రెస్. ఆ గదిలో ఏసీ సన్నగా గొణుగుతోంది. బల్ల మీద ఎండ ఒక పలకలా పడి ఉంది. మీ ఇద్దరిలో ఎవరిది ఎక్కువ పని అని పదకొండేళ్ళలో ఆమెని అడిగిన మొదటి మనిషి ఈవిడ. లోపల ఎక్కడో ఒక చిన్న కిటికీ తెరుచుకున్నట్టయింది.

"ఫ్లోర్ సూపర్‌వైజర్ వచ్చేనెల మానేస్తున్నారు," అంది మేడమ్. "ఆ చోటికి మీ పేరే నా మనసులో ఉంది. ఉన్నదున్నట్టు చెప్పే మనిషి కావాలి నాకు."

సూపర్‌వైజర్‌కి ట్రాలీ ఉండదు. బాత్రూములు ఉండవు. వరండా చివర ఒక బల్ల, ఫోను ఉంటాయి.

"అక్క చాలా మంచిది మేడమ్," అంది ఎక్స్‌ప్రెస్. "వయసు మీద పడింది, అంతే. ప్రతి గదిలో ఒక్క నిమిషం అలా కుర్చీలో కూర్చుంటుంది. నేను చూసుకుంటాలెండి."

"ప్రతి గదిలోనా?"

"ఒక్క నిమిషమే."

మేడమ్ కలం కాగితం మీద ఆగి, తర్వాత మెల్లగా కదిలింది. రాస్తున్నంతసేపూ ఆవిడ మొహంలో కోపం లేదు, తాళంచెవి దొరికినవాళ్ళ సంతోషం ఉంది. ఎక్స్‌ప్రెస్‌కి తాను చాడీ చెప్పినట్టు అనిపించలేదు. అక్క మీద జాలి చూపించినట్టే అనిపించింది.

మంగళవారం పొద్దున లినెన్ రూములో కొత్త చార్టు వెలసింది. ఇకనుంచి జంటలు లేవు. ఎవరి గదులు వాళ్ళవే, మనిషికి ఎనిమిది. ఎక్స్‌ప్రెస్ నాలుగో ఫ్లోర్లోనే, పెద్దక్క రెండో ఫ్లోరుకి. అక్క చార్టు చదివి, ఏప్రన్ జేబులో చేతులు పెట్టుకుని, "ఏమిటోనే, ముసలితనంలో విడాకులు" అంది. అందరూ నవ్వారు. ఎక్స్‌ప్రెస్ కూడా నవ్వింది.

ఒంటరిగా వేస్తే దుప్పటి ఒకపక్కకే ఒరిగిపోయింది. రెండోసారీ అంతే. మూడోసారి ఆమె మంచం చుట్టూ పరిగెత్తి దాన్ని పట్టుకుంది. ఎదురుగా చేతులు లేకపోవడం కొంచెం వింతగా ఉంది గానీ, ఒంట్లో సత్తువకి లోటు లేదు. ఒంటిగంటకల్లా ఎనిమిది గదులూ పూర్తి. కిందికెళ్ళి చూస్తే చార్టులో ఆమె పేరు దగ్గర నిలువు గీత అందరికంటే పొడుగ్గా ఉంది. పెద్దక్క ఆరు దగ్గరే ఆగిపోయింది. చూశావా అని తనకి తానే చెప్పుకుంది ఎక్స్‌ప్రెస్. చెప్పుకున్నాక ఎందుకో చుట్టూ చూసుకుంది.

బుధవారం పొద్దున్నే రిసెప్షన్ నుంచి ఫోను. నాలుగువందల ఆరులో గెస్టుకి తెల్లారకముందే ఎండ కళ్ళలో కొట్టి మెలకువ వచ్చేసిందట. కర్టెన్ మూసినా మధ్యలో సందు ఉందట. ఎక్స్‌ప్రెస్ వెళ్ళి కర్టెన్లు రెండూ దగ్గరికి లాగింది. నాలుగువేళ్ళ సందు మిగిలింది. ఉతుకులో కుంచించుకుపోయి ఉంటాయని చెప్పేసింది. గంట తిరక్కుండానే ఇంకో ఫోను, నాలుగువందల పదకొండులో బాత్రూమ్ తలుపు లోపలివైపంతా టూత్‌పేస్టు మచ్చలట. మధ్యాహ్నం మరొకటి. నాలుగువందల మూడులో పడుకుంటే నెత్తి మీద ఏసీ గ్రిల్ నుంచి దుమ్ము దారమొకటి వేలాడి ఊగుతోందట, అది మీద పడుతుందేమోనని రాత్రంతా గెస్టు దాన్నే చూస్తూ కూర్చున్నాడట.

పదకొండేళ్ళలో ఇలాంటి ఫోను ఒక్కటి రాలేదు. ఆమెకి ఒళ్ళు మండింది. ప్రతి గది మధ్యలో నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి, గోడ గోడకీ, మూల మూలకీ చూసింది. అద్దంలా ఉంది. ఇంతకంటే ఇంకెలా చూస్తారు మనుషులు?

ఈ ఫిర్యాదులు రిసెప్షన్ పుస్తకంలో ఉండిపోయాయి. మేడమ్ చార్టులోకి రాలేదు. చార్టులో గదుల లెక్కకే చోటుంది.

భోజనాలవేళ కింద స్టాఫ్ గదిలో పెద్దక్క వచ్చి పక్కన కూర్చుంది. డబ్బా మూత తీస్తూ, వాతావరణం గురించి చెప్పినంత మామూలుగా చెప్పింది.

"నేను గదుల్లో కూర్చుంటున్నానని మేడమ్‌కి ఎవరో చెప్పారటే. హెచ్చరిక కాగితం ఇచ్చింది. శనివారంతో నా కాంట్రాక్టు అయిపోతుంది కదా, ఈసారి మళ్ళీ రాయకపోవచ్చంది. చెప్తున్నప్పుడు ఆవిడే ఏడ్చేట్టుంది పాపం, నేనే మంచినీళ్ళిచ్చాను."

ఎక్స్‌ప్రెస్ కలిపిన అన్నాన్నే మళ్ళీ కలిపింది.

"గదుల్లో కెమెరాలుండవు. ఎవరు చూశారబ్బా?" అంది అక్క.

"కిటికీల అద్దాలు తుడిచేవాళ్ళు చూసుంటారు," అంది ఎక్స్‌ప్రెస్. "తాళ్ళమీద దిగుతారుగా బయటనుంచి."

"అయ్యుండొచ్చు." అక్క కాసేపు నమిలి, "ఈ వయసులో ఇంకో హోటల్ నన్ను తీసుకోదే," అంది. "ఇంట్లో నేనూ చెల్లెలూ. దానికి మోకాళ్ళు పనిచెయ్యవు. ఇద్దరికీ ఈ ఉద్యోగమొకటే. చూద్దాంలే."

"కూర్చున్నావా అని అడిగిందా మేడమ్?"

"అడిగింది. కూర్చున్నానన్నాను. అబద్ధం ఎందుకు?"

"ఇంకేం అడగలేదా?"

"ఇంకేం అడుగుతుంది?"

ఆ తర్వాత ఇద్దరూ తినడం ముగించారు. నేనే చెప్పానన్న రెండు మాటలు ఎక్స్‌ప్రెస్ గొంతు దాకా వచ్చి, అక్కడ చోటు చూసుకుని కూర్చున్నాయి. సాయంత్రందాకా లేవలేదు.

ఇంట్లో ఆమె భర్త సిటీ బస్సు నడుపుతాడు. డ్యూటీ దిగి వచ్చి మొహం కడుక్కుంటున్న మనిషిని నిలబెట్టి అడిగింది.

"పనివేళలో కూర్చున్నారంటే పనిదొంగలనేగా అర్థం?"

"అయితే నేను ఇరవై ఏళ్ళుగా పనిదొంగనే," అన్నాడాయన తువ్వాలు అందుకుంటూ.

"మీది వేరు. మీ పనే కూర్చోవడం."

"కూర్చోవడం పనెలా అవుతుందే? చూడటం నా పని. వెనక తలుపులో ఎవరు ఎక్కుతున్నారో, ఎవరి కాలు ఇంకా మెట్టు మీదుందో ఆ సీట్లోంచే అద్దంలో కనబడుతుంది. లేచి నిలబడి చూశాననుకో, అదే అద్దంలో నా చొక్కా గుండీలు కనబడతాయి." ఆయన నవ్వి, "ఎవరు పనిదొంగ? మీ పెద్దక్కా?" అన్నాడు.

ఆమె అన్నం వడ్డించడానికి వంటింట్లోకి వెళ్ళింది. ఆ రాత్రి ఆమెకి చక్కటి నిద్ర పట్టలేదు.

గురువారం పదిన్నరకి నాలుగువందల ఆరు ఖాళీ అయింది. ఎక్స్‌ప్రెస్ మంచం వేసింది, బాత్రూమ్ కడిగింది, ట్రాలీని గుమ్మానికి అడ్డంగా పెట్టింది. తర్వాత గది మధ్యలో కాసేపు నిలబడి, కిటికీ పక్కన కుర్చీకేసి చూసింది. ఆ కుర్చీని ఎన్ని వేలసార్లు తుడిచిందో లెక్కలేదు. ఒక్కసారి కూడా కూర్చోలేదు. ఇప్పుడు, ఎవరో తన చెయ్యి పట్టుకుని దించినట్టు, మెల్లగా కూర్చుంది.

కుర్చీ ఆమెని తనలోకి తీసుకుంది. చేతులు వాటంతటవే ఒళ్ళోకి వచ్చాయి. మొదట ఏమీ కనబడలేదు, తన గుండె చప్పుడు మాత్రం వినబడింది. తర్వాత గది మెల్లగా కిందికి దిగివచ్చినట్టనిపించింది. బల్ల ఎత్తు పెరిగింది, మంచం దగ్గరికి జరిగింది, కప్పు ఎక్కడికో పైకి పోయింది. ఇది తను రోజూ తోమే గది కాదు. ఎవరో దూరంనుంచి అలిసిపోయి వచ్చి, చెప్పులు విప్పి, ఈ ఒక్కరాత్రికి ఇదే నా ఇల్లు అనుకునే గది. ఏసీ గాలికి కర్టెన్ ఊపిరి పీల్చి వదులుతోంది. వదిలినప్పుడల్లా మధ్యలోంచి ఒక సన్నటి ఎండ గీత లోపలికొచ్చి, దుప్పటి మీద పాకి, సరిగ్గా దిండు మీద ఆగుతోంది. రేపు తెల్లారి ఎవరి కళ్ళు ఉంటాయో అక్కడ.

అప్పుడు గుర్తొచ్చింది ఆమెకి. బట్టల హ్యాంగర్‌కి ఉండే క్లిప్పు. ఏ గదిలో చూసినా ఒక క్లిప్పు ఊడదీసి కర్టెన్ అంచుకి తగిలించి ఉండేది. గెస్టులకి పనీపాటా లేదని సణుక్కుంటూ ఆమె రోజూ దాన్ని తీసి బీరువాలో హ్యాంగర్‌కి పెట్టేసేది. గెస్టులు కాదు. మూసుకున్న కర్టెన్లని కలిపి పట్టుకోవడానికి చేతికందేలా అక్క తగిలించి పెడుతుంటే, మర్నాడు తను తీసేస్తూ, అక్క మళ్ళీ పెడుతూ, ఇద్దరూ ఒక్కమాట మాట్లాడుకోకుండా పదకొండేళ్ళు గడిపేశారు.

లేచి మంచం మీద ఒక్క క్షణం తల వాల్చింది. కప్పు కనబడింది, గ్రిల్ కనబడింది, గ్రిల్‌కి వేలాడుతున్న బూడిదరంగు దారం కనబడింది. బాత్రూమ్‌లోకెళ్ళి తలుపేసుకుని, కమోడ్ మూత మీద కూర్చుంది. ఎదురుగా తలుపంతా తెల్లటి చుక్కలు. తెరిచిన తలుపు గోడకి ఆనుకుని ఉంటే వెనకవైపు ఎవరికి కనబడుతుంది? లోపల తలుపేసుకుని కూర్చున్నవాళ్ళకి తప్ప.

అన్నీ తుడిచి, క్లిప్పు తెచ్చి కర్టెన్‌కి తగిలించి, మళ్ళీ వచ్చి కుర్చీలో కూర్చుంది. ఈసారి చూడటానికి కాదు. రోజుకి పదహారుసార్లు గుమ్మంలో నిలబడి తను కాపాడింది ఒక ముసలి మనిషి బద్ధకాన్ని కాదు. ఆ హోటల్లో అందరికంటే బాగా పనిచేసే మనిషి పనిచేస్తుంటే, తను వీపు తిప్పుకుని నిలబడింది. ఆమెకి సిగ్గేసింది, ఏడుపొచ్చింది.

"మీరు కూర్చున్నారు."

ట్రాలీ అవతల చార్టు మేడమ్ నిలబడి ఉంది. ఎక్స్‌ప్రెస్ ఉలిక్కిపడి లేచింది.

"లేవకండి లేవకండి. ఏం చేస్తున్నారు?" మేడమ్ గొంతులో కుతూహలం తప్ప ఇంకేం లేదు. అక్కని ఎవరూ అడగని ప్రశ్న ఆమెని ఎంత తేలిగ్గా అడిగేసింది!

"ఇక్కడ కూర్చుంటే కనబడుతుంది మేడమ్. నిలబడితే కనబడదు."

మేడమ్ లోపలికొచ్చి తనే కూర్చుంది. ఎండ గీత చూసింది. తల వెనక్కి వాల్చి గ్రిల్ చూసింది. చిన్నపిల్లలా మంచం మీద కూడా పడుకుని చూసి, లేచి, ముడత తనే సరిచేసింది. ఆవిడ కళ్ళు మెరుస్తున్నాయి.

"గెస్టు కళ్ళతో చూడటం. దీని గురించి పుస్తకాల్లో పేజీలకి పేజీలు రాస్తారు, మీరు కుర్చీలో కూర్చుని కనిపెట్టేశారు. ఎవరూ చెప్పకుండా!"

"మేడమ్, ఇది నేను..."

"మొహమాటపడకండి. చొరవ అంటే ఇదే. శనివారం అందరిముందూ మీ పేరుతోనే చెప్తాను."

రాసుకుంటూనే వరండాలోకి వెళ్ళిపోయింది. కార్పెట్ మీద అడుగుల చప్పుడు లేదు. లిఫ్టు దాకా ముప్పై అడుగుల దూరం. పరిగెడితే అందుకోవచ్చు. ఎక్స్‌ప్రెస్ అని పేరున్న మనిషి ట్రాలీ పట్టుకుని అక్కడే నిలబడింది.

శుక్రవారం అంతా నీళ్ళలో నడిచినట్టు గడిచింది. ఎనిమిది గదుల్లో ఎనిమిదిసార్లు కూర్చుంది. ఎనిమిది కర్టెన్లకి క్లిప్పులు తగిలించింది. ఒక్క ఫిర్యాదు రాలేదు. సాయంత్రం మెట్లమీద అక్క ఎదురై, "మొహం అలా ఉందేమిటే, ఒంట్లో బాగాలేదా?" అని నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. ఆ చెయ్యి చల్లగా ఉంది, సబ్బు వాసన వేస్తోంది. బాగానే ఉందంది ఎక్స్‌ప్రెస్.

శనివారం డ్యూటీ మొదలవకముందు అందరినీ లినెన్ రూములో నిలబెట్టారు. ఇరవైమందిదాకా ఉన్నారు, దుప్పట్ల దొంతరల మధ్య ఇరుకిరుకుగా. పెద్దక్క తువ్వాళ్ళ అరకి ఆనుకుని నిలబడింది. చేతిలో చిన్న సంచి ఉంది. స్టాఫ్ బీరువాలో తన సామాను అప్పుడే ఖాళీ చేసేసిందని తెలుస్తూనే ఉంది.

"ఈ వారం నేను మీ దగ్గర ఒకటి నేర్చుకున్నాను," అని మొదలుపెట్టింది మేడమ్. "గది పూర్తయ్యాక ఒక్క నిమిషం కుర్చీలో కూర్చోండి. గెస్టు ఎక్కడ కూర్చుంటాడో అక్కడ కూర్చుని, గెస్టు చూసేది చూడండి. సోమవారం నుంచి అందరికీ ఇదే పద్ధతి. ఇది కనిపెట్టింది ఎవరో తెలుసా?"

ఎక్స్‌ప్రెస్ పేరు చెప్పింది, ఎవరూ పిలవని ఆ అసలు పేరు. నలుగురు చప్పట్లు కొట్టారు. తక్కినవాళ్ళు అయోమయంగా పెద్దక్కకేసి చూశారు. ఎక్స్‌ప్రెస్ కూడా చూసింది. చూడకుండా ఉండలేకపోయింది.

అక్క మొహంలో కోపం లేదు. ఆ మొహం వెలిగిపోతోంది. నీకూ కనబడిందా అన్నట్టు, ఇన్నేళ్ళకి తన భాష మాట్లాడే మనిషి ఒకరు దొరికినట్టు, కనుబొమలు ఎగరేసి తలాడించింది.

కోప్పడి ఉంటే ఎక్స్‌ప్రెస్ తట్టుకునేదేమో. ఆ వెలుగుని తట్టుకోలేకపోయింది.

"అది నాది కాదు మేడమ్," అంది. గొంతు ఆమె అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. "అక్కది. పదకొండేళ్ళుగా అక్క కూర్చుంటున్నది అందుకే. నాకు మొన్న గురువారం తెలిసింది. అక్క కూర్చుంటుందని సోమవారం మీకు చెప్పింది నేను. గురువారం మీరు మెచ్చుకుంటే ఊరుకుంది కూడా నేనే." అక్కవైపు తిరిగింది. "కిటికీలు తుడిచేవాళ్ళు కాదక్కా. నేను."

లినెన్ రూములో ఇస్త్రీ యంత్రం ఒక్కటే నిట్టూరుస్తోంది. పెద్దక్క మొహంలో వెలుగు ఒక్కసారిగా పోలేదు. మెల్లగా, మూల మూలగా తగ్గింది. ఎక్స్‌ప్రెస్ దాన్నంతా కళ్ళారా చూసింది.

మేడమ్ తన ఫైలు తెరిచింది. రెండు కాగితాలు బయటికి తీసి, ఒకదాని పక్కన ఒకటి పట్టుకుని చదువుకుంది. చెవులదాకా ఎర్రబడింది.

"పని ఒకటే," అంది, ఎవరికీ కాకుండా. "ఒకరు చేస్తే బద్ధకం అని రాశాను. ఇంకొకరు చేస్తే చొరవ అని రాశాను. ఒక మనిషి గురించి ముందే ఒకటి అనుకుంటే, వాళ్ళు ఏం చేసినా అలాగే కనబడుతుందని ఒక చాప్టరంతా ఉంది. దాంట్లో మా క్లాసులో నాకే ఎక్కువ మార్కులు."

ఆవిడ దుప్పట్ల మధ్యలోంచి దారి చేసుకుని పెద్దక్క దగ్గరికెళ్ళింది.

"మిమ్మల్ని అడగాల్సింది."

"అడిగారుగా, కూర్చున్నావా అని."

"ఎందుకని అడగలేదు."

"అదెవరూ అడగలేదులెండి," అంది పెద్దక్క. అంటున్నప్పుడు ఆవిడ మేడమ్‌ని చూడటం లేదు.

మధ్యాహ్నానికల్లా కాంట్రాక్టు కాగితం వచ్చింది. మేడమ్ స్వయంగా రెండో ఫ్లోరుకి పట్టుకెళ్ళి సంతకం చేయించింది. జంటలు మళ్ళీ పెడతామని సాయంత్రం చార్టులో రాశారు. సూపర్‌వైజర్ సంగతి మేడమ్ ఎత్తలేదు. ఎక్స్‌ప్రెస్ కూడా ఎత్తలేదు. ఆ బల్లా ఫోనూ ఎవరికైనా పోనీ అనుకుంది, అంతకుముందు కావాలనుకున్నందుకు ఆశ్చర్యపోయింది.

డ్యూటీ దిగాక బస్‌స్టాప్‌లో పెద్దక్క బెంచీ మీద కూర్చుని ఉంది. సంచి ఒళ్ళో ఉంది. ఎక్స్‌ప్రెస్ వెళ్ళి పక్కన నిలబడింది. కూర్చోవడానికి ధైర్యం చాలలేదు. సాయంత్రపు ఎండ రోడ్డుని నిద్రమత్తులో ముంచింది. ఎదుటి అద్దాల మేడల్లో కార్లు చప్పుడు లేకుండా ఈదుతున్నట్టున్నాయి.

"రెండో ఫ్లోర్లోనే ఉంటానని చెప్పాను," అంది అక్క. "లాండ్రీ నుంచి ఒకామెని నాతో వేస్తారట."

"ఊ," అంది ఎక్స్‌ప్రెస్. ఇది జరుగుతుందని ఆమెకి తెలుసు.

"ఉద్యోగం పోతుందని కాదే నా బాధ. కాగితం వచ్చేసింది కూడా. నువ్వు చెప్పావనీ కాదు, నోరన్నాక జారుతుంది. నువ్వలా గుమ్మంలో నిలబడి కాపలా కాస్తుంటే నాకెంత ధీమాగా ఉండేదో తెలుసా? నా పని తెలుసు కాబట్టి కాస్తోందనుకున్నాను. ఇద్దరం కలిసి చేస్తున్నామనుకున్నాను."

"అలిసిపోయావనుకున్నానక్కా."

"రోజుకి పదహారుసార్లా?"

"ఊ."

"పదకొండేళ్ళా?"

ఎక్స్‌ప్రెస్ తలొంచుకుంది. కన్నీళ్ళు నేరుగా చెప్పుల మీద పడ్డాయి.

"ఒక్కసారి అడిగితే ఏం పోయేదే?" అంది పెద్దక్క. ఆ మాటలో కోపం కంటే ఆశ్చర్యం ఎక్కువుంది. "పక్కనే ఉన్నానుగా."

దూరంగా బస్సు మలుపు తిరిగింది. ఇద్దరూ ఎక్కేది అదే. ఎక్స్‌ప్రెస్ కళ్ళు తుడుచుకుని, వెళ్ళి బెంచీ మీద అక్క పక్కన కూర్చుంది.

"ఇప్పుడడిగితే చెప్తావా?"

అక్క ఆమెని ఎగాదిగా చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత పెదవి చివర ఏదో కదిలింది.

"మొదటిసారి నిజంగానే కాళ్ళు లాగి కూర్చున్నానే," అంది.

ఎక్స్‌ప్రెస్ నోరు తెరిచింది.

"అవును మరి. నీ పరుగుకి అందుకోలేక చచ్చేదాన్ని. అదేదో మూలగది. ఒక్క నిమిషం నడుం వాలుద్దామని కూర్చుంటే ఎదురుగా టీవీ కింద పిన్నీసొకటి తళుక్కుమంది. పసిపిల్ల ఉన్నవాళ్ళు దిగబోతున్నారని పొద్దున్నే చెప్పారు ఆ గదికి. నా గుండె ఝల్లుమంది. ఆ తర్వాత పక్కగదిలో..."

బస్సు వచ్చి ఆగి, తలుపు తెరిచి, కాసేపు చూసి వెళ్ళిపోయింది. పెద్దక్క అప్పటికి ఇంకా రెండో గదిలోనే ఉంది.